ఎడమ చెప్పులే కుట్టే ఉత్ప్రేరకం

అందరికీ నమస్కారం. ఇంటికెళ్లాక ఎడమ చెప్పును కుడికాలికి తొడిగి చూడండి. తోలు అదే, కొలతా అదే, కానీ పట్టదు. అమైనో ఆమ్లాల విషయంలో మన ఒంటికీ అంతే పట్టింపు. గ్లైసిన్‌ను పక్కన పెడితే, మన ప్రొటీన్లలో ఉండేవన్నీ ఎల్ రూపాలే. వాటిని ఎడమవి, అద్దంలో ప్రతిబింబంలా ఉండే వాటి జంటను కుడివి అనుకుందాం.

ప్రొటీన్లకు పనికొచ్చే ఇరవై అమైనో ఆమ్లాల్లో లేనివాటిని అసహజమైనవి అంటాం. పేరు కాస్త అన్యాయమే. పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే ఎల్-డోపా ఆ ఇరవైలో లేదు గానీ, తగిలితే దురద పుట్టించే మన దూలగొండి గింజల్లో ఉంది. 1937లోనే దామోదరన్, రామస్వామి దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు.

మామూలుగా ఫ్లాస్కులో డోపా చేస్తే ఎడమ, కుడి సగం సగం వస్తాయి. 1960లలో ఆ మిశ్రమం ఇచ్చినప్పుడు కొందరు రోగుల్లో తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఎడమది ఒక్కటే ఇస్తే ఆ బెడద పోయింది, మోతాదూ సగం సరిపోయింది. మరి కుడిదాన్ని ఏం చేయాలి? చేసిన సరుకులో సగం పక్కన పెట్టడమంటే ఏ ఫ్యాక్టరీకైనా కడుపుమంటే.

అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ రసాయనవేత్త విలియం నోల్స్, ద్విబంధానికి హైడ్రజన్ చేర్చే విల్కిన్సన్ ఉత్ప్రేరకాన్ని తీసుకుని, అందులో రోడియం లోహానికి అంటుకుని ఉండే మామూలు ఫాస్ఫీన్ (ఫాస్ఫరస్ ఉన్న అణువు) తీసేసి, చేతివాటం, అంటే ఎడమ కుడి తేడా ఉన్న ఫాస్ఫీన్ పెట్టారు (దొంగబుద్ధి అర్థంలో కాదు లెండి). 1968లో వచ్చిన ఫలితం 15 శాతం ఆధిక్యం. అంటే నూటికి సుమారు 57 ఒక రకం, 43 ఇంకో రకం. మందుకు పనికిరాని అంకె. అయినా నాకు ఆయన నోబెల్ కన్నా ఆ అంకే ఇష్టం, సున్నా కాదని తేల్చింది కాబట్టి. తర్వాత డైపాంప్ అనే లిగాండ్‌తో (లోహానికి అంటుకునే అణువు) అది 95 శాతానికి చేరింది, అంటే 97.5కి 2.5. ఆ మిగిలింది స్ఫటికీకరణలో పోతుంది. నోబెల్ 2001లో, నొయోరి, షార్ప్‌లెస్‌లతో కలిపి వచ్చింది.

ఇక విద్యార్థులు ఎక్కువగా పొరబడే చోటుకు వద్దాం. ద్విబంధం ఉన్న ముడిపదార్థం రోడియంను రెండు తీరుల్లో పట్టుకోగలదు. కుదురుగా, ఎక్కువ మొత్తంలో ఉన్న తీరే సరుకు ఇస్తుందనుకుంటాం. రసాయనవేత్త జాక్ హాల్పర్న్ కొలిచి చూస్తే సంగతి తిరగబడింది. కుదురుగా కూర్చున్నది హైడ్రజన్‌ను తీసుకోవడానికి బద్ధకిస్తుంది. కొద్దిగా ఉండే, కుదురులేని రూపమే చకచకా తీసుకుంటుంది. రెండూ ఒకదాంట్లోకి ఒకటి మారుతుంటాయి కాబట్టి, సరుకులో ఎక్కువ భాగం ఆ ఇరుకు సందులోంచే బయటికొస్తుంది.

హైడ్రజన్ పీడనం పెంచితే ఆ మార్పిడికి వ్యవధి చాలదు, ఎడమ ఆధిక్యం తగ్గుతుంది. భోజనం వేళకు ముగించేద్దామని వాల్వ్ కాస్త ఎక్కువ తిప్పి, ఒక బ్యాచ్ మొత్తం పాడుచేసుకున్నాక గానీ నాకిది బుర్రకెక్కలేదు.