మా పడవ ఏదిరా?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేయడానికి ఏడు నిమిషాలు తీసుకున్నారు. అందులో నాలుగు నిమిషాలు నేను చేయని పనుల గురించే. నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంజనీర్లు గీయమన్న గీత గీశాను, చెరపమన్న గీత చెరిపాను. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. నవంబరులో కూడా మన కోనసీమలో శాలువా ఉడుకుతుంది కాబట్టి తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

బ్యానరు మీద 'బొమ్మల మాస్టారు' అని రాశారు. నేను మాస్టారునీ కాను, ఇవి బొమ్మలూ కావు. బొమ్మకు పోలిక ఉంటే చాలు. నాలుగు కాళ్ళు, ఒక తొండం ఉంటే పిల్లలు ఏనుగు అనేస్తారు. మోడల్ అంటే అసలు వస్తువును లెక్క ప్రకారం చిన్నది చేసి కట్టేది. దానికి పోలిక చాలదు, కొలత కుదరాలి. ఈ తేడా చెప్పడానికే నాకు ఇచ్చిన అరగంటా సరిపోతుంది. కానీ నేను చెప్పాలని వచ్చింది వేరే సంగతి.

బల్ల మీద మూడు ఉన్నాయి. ఒకటి ఇంగ్లండు వాళ్ళ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం, ఒకటి జపాను విమానం. మూడోదాని మీద గుడ్డ కప్పాను, అది చివరలో. బాబూ, నీలం చొక్కా, నీ చేయి జేబులో పెట్టుకో నాన్నా. చూడటానికి డబ్బు అక్కరలేదు, ముట్టుకుంటే మాత్రం నా ప్రాణం పోతుంది.

స్పిట్‌ఫైర్ అసలు విమానం రెక్క కొస నుంచి కొసకు 36 అడుగుల 10 అంగుళాలు. ఇది 1/24 స్కేలు, అంటే అడుగుకు అర అంగుళం. అందుకే ఇది పద్దెనిమిదిన్నర అంగుళాల లోపే ఉంది. ఇదే 1/72లో చేస్తే ఆరు అంగుళాల పైచిలుకు, మీ అరచేతిలో వాలుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానాన్ని మ్యూజియంగా పెట్టారు కదా, చాలామంది చూసే ఉంటారు. దాని రెక్కలు 50 మీటర్లు. దాన్ని 1/24లో చేస్తే రెండు మీటర్లు దాటుతుంది. అప్పుడు మంచం మీద అది పడుకోవాలి, నేను అరుగు మీద పడుకోవాలి.

మరి పెద్ద స్కేలు ఎందుకు? చిన్నదాంట్లో తప్పు దాక్కుంటుంది. 1/72లో పైలట్ కుర్చీ పెసరగింజంత. నల్ల రంగు ఒక చుక్క పెడితే పని అయిపోయింది. 1/24లో ఆ కుర్చీకి బెల్టు కావాలి, బెల్టుకు బకిల్ కావాలి, బకిల్‌కు ముల్లు కావాలి. ఇంకో సంగతి. కిట్టులో, అంటే విడి భాగాలుగా డబ్బాలో అమ్మే సామానులో, అచ్చుపోసిన ప్లాస్టిక్ ఒక మిల్లీమీటరు మందం ఉందనుకోండి. ఈ స్కేలులో అది 24 మిల్లీమీటర్లతో సమానం, అంటే ఇంచుమించు అంగుళం. అంగుళం మందం చెక్కతో విమానం చేస్తే అది ఎగరదు, తలుపు అవుతుంది. అందుకని కంటికి కనబడే అంచులన్నీ లోపలి వైపు నుంచి గీకి పల్చన చేస్తాం. ఒక్కొక్క అంచుకూ ఒక సాయంత్రం.

ఈ స్పిట్‌ఫైర్ కిట్టును ఎయిర్‌ఫిక్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1970లో తెచ్చింది. నేను 1979లో మద్రాసు మూర్ మార్కెట్‌లో, మూత చిరిగిన డబ్బాగా కొన్నాను. పూర్తయింది 2005లో. నవ్వకండి. మధ్యలో రెండు పెళ్ళిళ్ళు, ఒక ఇల్లు, మూడు తుపానులు ఉన్నాయి. రంగు వేసే పని ఏడాదిలో మూడు నెలలే సాగుతుంది మనకు. వానల్లో వేస్తే గాలిలోని తడి రంగులో చిక్కుకుని, పాలు ఒలికినట్టు తెల్లబోతుంది. సామాను పొడి చోట ఉంచాలని కిట్టు కాగితంలో రాస్తారు. కోనసీమలో పొడి చోటు ఎక్కడుంది? మా ఇంట్లో అయితే బియ్యం డ్రమ్ములో ఉంది. విమానం రెక్కలు ఆరు నెలలు బియ్యంలో ఉన్నాయి. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. రంగు కూడా ఒకసారి మందంగా కొట్టేది కాదు, నాలుగు పూతలు పల్చగా వేయాలి. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీసే ఆడవాళ్ళకు ఈ ముక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

పిల్లలు వచ్చారు కాబట్టి ఒక పని చూపిస్తాను. కిట్టు డబ్బాలో భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి వేలాడుతూ వస్తాయి, పందిరికి కాసిన చిక్కుడుకాయల్లా. కాయలు కోసుకున్నాక కాడలు మిగులుతాయి. అందరూ పారేస్తారు. పారేయకండి. ఇదిగో, ఈ కాడను కొవ్వొత్తి మంటకు కాస్త పైన పట్టుకుని తిప్పుతున్నాను. మంట తగలకూడదు, తగిలితే మసి. చూడండి, మధ్యలో నిగనిగలాడుతోంది. కుంగుతోంది. ఇప్పుడు మంట మీద నుంచి తీసి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ నిదానంగా విడదీస్తే… అదీ. తల వెంట్రుకంత తీగ. స్పిట్‌ఫైర్ మీద ఇక్కడ కనబడుతున్న రేడియో తీగ ఇదే. ఇంట్లో చేసేటప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి.

ఇలా కష్టపడి చేసినదాన్నే విరిచారు ఒక ముఖ్య అతిథి. ఊరు చెప్పను, పేరు చెప్పను. ఒక కాలేజీ ప్రదర్శనకు నేను చేసిన నాట్ అనే చిన్న యుద్ధవిమానం మోడల్ తీసుకువెళ్ళాను. 1971 డిసెంబరు 14న శ్రీనగర్‌లో నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ నడిపింది నాట్ విమానాన్నే. మన వైమానిక దళంలో పరమవీర చక్ర వచ్చింది ఆయన ఒక్కడికే. ఈ నాలుగు మాటలూ చెబుతూ ఉండగానే ఆ పెద్దమనిషి ఫొటో కోసం విమానాన్ని రెక్క పట్టుకుని ఎత్తారు, సంతలో కోడిని ఎత్తినట్టు. టప్పుమంది. రెక్క ఆయన చేతిలో, మిగతాది నేల మీద. ముక్కు కింద చక్రం ఉన్న విమానానికి ముక్కులో బరువు వేయకపోతే తోక మీద కూర్చుంటుంది. అందుకని విసురువల అంచుకు కట్టే సీసపు గుళ్ళు కూరాను. అవి వేదికంతా దొర్లాయి. ఆయన వంగి ఒకటి తీసుకుని, "విమానంలో చేపల వల సామాను ఎందుకుందండీ?" అని అడిగారు. నాలుగు నెలల పని. సరే, వదిలేద్దాం. వదిలేద్దాం అంటూనే ప్రతి సభలోనూ చెబుతున్నాననుకోండి.

ఇప్పుడు ఈ జపాను విమానం దగ్గరకు వద్దాం. దీని పేరు నకజిమా బి5ఎన్. 1/48 స్కేలు. దీన్ని నేను ఎందుకు చేశానంటే, ఇది మన ఊళ్ళ మీదికి వచ్చిన విమానం. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందు రోజు ఈస్టరు ఆదివారం కొలంబో మీద బాంబులు వేసిన జపాను నౌకాదళం ఆ రోజు మన తీరానికి వచ్చింది. ర్యూజో అనే విమానవాహక నౌక మీది నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఇక్కడి పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఇద్దరు. పర్వాలేదు, నేను అనుకున్నదాని కంటే ఒకరు ఎక్కువే.

ఆ రోజు మా అమ్మమ్మ కాకినాడలో ఉంది. ఇరవై రెండేళ్ళ మనిషి, చంకలో మా అమ్మ. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకు పరుగెత్తింది. ఓడలో పనిచేసే మా మేనల్లుడు ఈ కిట్టు తెచ్చిపెడితే 1995లో పూర్తిచేసి అమ్మమ్మ ముందు పెట్టాను. డెబ్బై అయిదేళ్ళ మనిషి. కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది. ఆమెను మాత్రం ముట్టుకోనిచ్చాను. గాజు కప్పు కింద వరసగా మూడు కుర్చీలున్నాయి కదా, వాటి మీద వేలు పెట్టి, "ఇందులో ముగ్గురుంటారా?" అంది. అవునన్నాను. "ముగ్గురూ కుర్రాళ్ళేనా?" అంది. కుర్రాళ్ళే అయి ఉంటారన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "బాగానే చేశావు. మరి మా పడవ ఏదిరా?"

నాకు అర్థం కాలేదు. "మేం కాలువ మీద రాదారి పడవలో కదా పారిపోయాం. పైన తాటాకు గూడు, గట్టున తాడు లాగే మనుషులిద్దరు, రాత్రంతా ప్రయాణం. మీ అమ్మ ఏడుపు ఆపకపోతే సరంగు బెల్లం ముక్క పెట్టాడు. చంపడానికి వచ్చినదాన్ని ఇంత ముచ్చటగా చేశావు, దాటించినదాన్ని చేయవా?" అంది.

చేస్తాననే అన్నాను. ఎంత పని అనుకున్నాను. ఇక్కడే మీరు కొంచెం శ్రద్ధగా వినాలి. వెనకాల టీ ఇచ్చే బాబూ, కాసేపు ఆగమ్మా.

ఈ జపాను విమానానికి రేకుల అతుకులు ఎక్కడ, రివెట్ల వరస ఎక్కడ అని చూపించే డ్రాయింగులు దొరుకుతాయి. ఒక్క పూట వచ్చి పోయిన విమానమది. మన రాదారి పడవ అలా వచ్చి పోయింది కాదు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ కాలువలు చేలకే కాదు, పడవలకు కూడా. పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి దాటించే గేట్ల లాకులు కట్టింది అందుకే. ధాన్యం, కొబ్బరి, పెళ్ళివారు, నాటకాల వాళ్ళు, అందరూ వాటి మీదే తిరిగారు. లాకు గేటు డ్రాయింగులు నా చేత్తో ట్రేసింగు గుడ్డ మీద ఎక్కించాను. గేటు బోల్టు కొలత కూడా నాకు గుర్తుంది. ఆ గేటులోంచి వెళ్ళిన పడవ కాగితం మాత్రం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నా చేతికి దొరకలేదు. లాకు వెడల్పు తెలుసు కాబట్టి పడవ అంతకంటే వెడల్పు ఉండదని తెలిసింది. అంతే.

తాళ్ళరేవు వైపు పడవలు కట్టే పెద్దాయన ఒకరున్నారంటే వెళ్ళాను. ఎనభై ఏళ్ళు ఉంటాయి. పడవ పొడుగెంత అని అడిగితే తడుముకోకుండా చెప్పాడు: "ఏడు బారలు, రెండు మూరలు, జానెడు తక్కువ." ఆనందంగా రాసుకున్నాను. రాసుకున్నాక అనుమానం వచ్చింది. "ఎవరి బార, పెద్దయ్యా?" అన్నాను. "మా నాన్నది బాబూ," అన్నాడు. "నాన్న నాకంటే పొడగరి." ఎంత పొడగరి? చెయ్యి తల మీద పెట్టి, నాలుగు వేళ్ళు పైకి లేపి చూపించాడు. ఆయన రెండు చేతులూ చాపించి టేపుతో కొలిచాను. దానికి ఎంత కలపాలి? నాలుగు వేళ్ళ ఎత్తు ఎక్కువున్న మనిషికి బార ఎంత ఎక్కువ? ఏడు బారల్లో ఆ తేడా ఎంత అవుతుంది? బస్సులో వస్తూ లెక్క వేస్తే ఒక్కొక్కసారి ఒక్కొక్క సమాధానం వచ్చింది. వాళ్ళకు కాగితం అక్కరలేదు. నాన్న చేయి కొడుకు చూశాడు, కొడుకు చేయి మనవడు చూశాడు. ఈయన మనవడు ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. తప్పు పట్టడం లేదు.

తర్వాత 2004లో ఒక కాలువ గట్టున పాత పడవ ఒకటి కనబడింది. సగం ఒండ్రులో కూరుకుపోయి, లోపల తూటికాడ మొలిచి ఉంది. ఆదివారం పొద్దున్నే టేపు, పలక, దారం తీసుకుని వెళ్ళాను. మోకాలి లోతు బురదలో దిగి ముక్కు నుంచి మొదలుపెట్టి అడ్డకర్రల మధ్య దూరం, పలకల వెడల్పు, మేకుల వరస, అన్నీ కొలిచాను. సాయంత్రానికి 26 అడుగులు అయింది. వెనక భాగం బురదలో ఉంది. వచ్చే ఆదివారం పార తెచ్చుకుందామని వచ్చేశాను.

వచ్చే ఆదివారం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు. స్పిట్‌ఫైర్ బెల్టు బకిల్ చేస్తూ కూర్చున్నాను. వాన లేదు, రంగు ఆరే రోజులు, పోతే మళ్ళీ రావు అనుకున్నాను. ఆ పై వారం వెళ్ళేసరికి గట్టు మీద చితుకులూ, ఇనప మేకులూ ఉన్నాయి. ఇటుక బట్టీకి వంటచెరకుగా అమ్మేశారు. అడిగితే, "మీకు కావాలని చెప్పలేదే" అన్నారు. నిజమే, చెప్పలేదు. అమ్మమ్మ అంతకు మూడేళ్ళ ముందే వెళ్ళిపోయింది. ఆమె ఉన్నప్పుడే ఆమె నోటి నుంచి రాసుకోవాల్సిన సంగతులు కూడా రాసుకోలేదు. ఎదుటివాళ్ళు రెక్క విరిచారని పదేళ్ళుగా చెప్పుకుంటున్నాను గానీ, ఈ పడవ తోకను విరిచింది నేనే.

పిల్లలూ, కనుమకు జగ్గన్నతోట ప్రభలు చూసి వచ్చి మీరు వెదురు బద్దలతో చిన్న ప్రభ కడతారు కదా. ఈసారి పెద్ద ప్రభ కట్టేటప్పుడే టేపు తీసుకుని వెళ్ళండి. బద్ద ఎంత పొడుగు, ముడికీ ముడికీ మధ్య ఎంత, రాసుకోండి. 2020లో అంతర్వేది స్వామి రథం కాలిపోయింది. కొత్తది చేయించారు, దాన్ని కూడా ఇవాళే కొలవండి. పంటు మీద గోదావరి దాటేటప్పుడు ఫోను జేబులో పెట్టి ఒక్కసారి దాని తలుపు మడత ఎలా లేస్తుందో చూడండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు. గుడ్డ తీస్తున్నాను.

ఇదీ పడవ. అడుగుకు అర అంగుళం, స్పిట్‌ఫైర్ స్కేలే. ముక్కు నుంచి పదమూడు అంగుళాలు ఉంది. 26 అడుగులన్నమాట. మేకుతో సహా ప్రతిదీ కొలిచిందే. గూడు తాటాకుకు కొబ్బరి ఈనెను చీల్చి వాడాను. పదమూడు అంగుళాల తర్వాత ఖాళీ చెక్క. విరిగిందని అనుకోకండి, అక్కడి నుంచి నాకు తెలియదు. ఊహించి చేసేయవచ్చు, చాలామంది చేసేయమన్నారు కూడా. చేయలేదు.

ఇక్కడ తల నెరిసినవాళ్ళు చాలామంది కనబడుతున్నారు. చిన్నప్పుడు రాదారి పడవ ఎక్కినవాళ్ళు ఉండే ఉంటారు. చుక్కాని పట్టుకునేవాడు నిలబడేవాడా, కూర్చునేవాడా? వంట పొయ్యి ఉండేదా, ఉంటే ఎటువైపు? గూడు వెనక ఎంత చోటు ఉండేది, ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగేవాడా? బల్ల మీద నోటు పుస్తకం, పెన్సిలు పెట్టాను. మూడో వరసలో చేయి ఎత్తిన పెద్దాయనా, మీరే ముందు రండి. చేతికర్ర పట్టుకుని నిదానంగా రండి. పిల్లలూ, దారి ఇవ్వండి. మీరు తర్వాత చూద్దురు గాని, విమానం ఎక్కడికీ ఎగిరిపోదు.