ఉమ్మడి సర్వరా, వేరు కాపురమా?

అందరికీ నమస్కారం. పగలంతా ఆటోనగర్‌లో లేత్ మిషన్ల చప్పుడు విని, సాయంత్రం సర్వర్ల గురించి వినడానికి వచ్చారంటే, ఎవరో మీ చేతిలో కొటేషన్ పెట్టి భయపెట్టే ఉంటారు. పాత సర్వర్, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ లాగిన్లు, ఫైళ్లు చూసుకునే మిషన్, మార్చాలట. అన్నీ కలిసొచ్చే ప్యాకేజీ తీసుకోవాలా, దేనికది విడిగా కొనాలా అన్నది మీ ప్రశ్న.

ఈ ప్రశ్న పాతదే. మైక్రోసాఫ్ట్ 1997లో స్మాల్ బిజినెస్ సర్వర్ తెచ్చింది. మా వృత్తిలో ఎస్‌బీఎస్ అనేవాళ్లం. దాని 2003 వెర్షన్ నాకు కంఠతా వచ్చు. లాగిన్లు, ఫైళ్లు చూసుకోవడానికి విండోస్ సర్వర్, మెయిల్‌కి ఎక్స్ఛేంజ్, కాగితాలు పంచుకోవడానికి షేర్‌పాయింట్. ప్రీమియం తీసుకుంటే డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా వచ్చేది. ఒక్కో ఉద్యోగికి ఒక్క లైసెన్సుతో అన్నీ చెల్లేవి. విడిగా కొంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా చవక.

చవకకి షరతులుండేవి. 75 మంది దాటకూడదు. డొమైన్‌లో, అంటే ఒకే లాగిన్ల జాబితా కింద నడిచే ఆఫీసు కంప్యూటర్ల కుటుంబంలో, ఇంటిపెద్ద అదే అయి ఉండాలి, ఇంకో ఎస్‌బీఎస్‌ని పక్కన ఉండనివ్వదు. వేరే డొమైన్‌తో వియ్యం అందుకోదు. విజయవాడలో ఒకటి, గుంటూరు బ్రాంచిలో ఒకటి కొన్నారనుకోండి, దేని లోకం దానిదే. అలా కాకుండా గుంటూరులో మామూలు విండోస్ సర్వర్ పెట్టి ఇక్కడి డొమైన్‌లోనే కలుపుకోవచ్చు. కానీ ఆ ముక్క కొనేవాళ్లకి ముందే చెప్పినవాళ్లు తక్కువ.

అసలు చిక్కు మార్చేటప్పుడు. మీకు కావలసింది కొత్త మెయిల్ ఒక్కటే అనుకోండి. 2003ది 32 బిట్లది, అంటే పాత తరం ప్రాసెసర్లకి రాసింది, 4 జీబీ మెమరీ దగ్గర ఆగిపోతుంది. తర్వాత వచ్చిన 2008 వెర్షన్ కొత్త తరం 64 బిట్లకే. అంటే పాతదాని మీదే కొత్తది ఎక్కించడానికి లేదు. కొత్త మిషన్ కొని లాగిన్లు, ఫైళ్లు, మెయిల్ అన్నీ ఒకేసారి తరలించాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండనిచ్చే గడువు 21 రోజులే. బ్యాటరీ మార్చమని బండి తెస్తే, ఇంజను, చాసిస్, సీట్లు అన్నీ మార్చాల్సిందే అన్నట్టు. అది మీకు నాకంటే బాగా తెలుసు.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. ఆ వరసలో చివరిది ఎస్‌బీఎస్ 2011. అందులో కింద ఉన్న విండోస్‌కి సపోర్టు, అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే మరమ్మతులు, 2020 జనవరి 14తో ఆగింది. పైన ఉన్న ఎక్స్ఛేంజ్ 2010కి అదే ఏడాది అక్టోబరు 13 దాకా ఉంది. డబ్బా ఒకటే, ఎక్స్‌పైరీ డేట్లు రెండు. తొమ్మిది నెలలు మిగిలిన మెయిల్‌ని గడువైపోయిన పునాది మీద నడపాలి. దేన్నీ ఊడదీసి విడిగా మార్చుకోలేరు.

ఇన్ని చెప్పినా, ఆ రోజుల్లో పన్నెండుమంది ఉన్న ఆఫీసు, కంప్యూటర్ మనిషి లేని ఆఫీసు నన్నడిగితే ఎస్‌బీఎస్సే పెట్టించేవాణ్ణి. విడివిడిగా కొంటే ఎక్స్ఛేంజ్‌కి వేరే మిషన్, వేరే లైసెన్సులు, దాన్ని చూసుకునే మనిషి. ఆ మనిషి జీతం ఏ కొటేషన్‌లోనూ కనిపించదు.

ఇప్పటి సంగతికి వద్దాం. ఎస్‌బీఎస్ లేదు. దాని చోట విండోస్ సర్వర్ ఎసెన్షియల్స్ వచ్చింది. 25 మంది, 50 మిషన్లు, మనిషికో లైసెన్సు అక్కర్లేదు. 26వ మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్న రోజున విండోస్ సర్వర్ స్టాండర్డ్‌కి వెళ్లాలి. స్టాండర్డ్‌కి లైసెన్సు కోర్ల లెక్కన, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల లెక్కన, కనీసం 16 కోర్లకి కట్టాలి. మనుషుల లైసెన్సులు దానికి అదనం. అయితే ఆ మిషన్‌లో కోర్లన్నిటికీ కట్టాక, రెండు వర్చువల్ సర్వర్లు, అంటే ఒకే మిషన్‌లో విడివిడిగా నడిచే రెండు సర్వర్లు, నడుపుకునే హక్కు వస్తుంది. నేనెక్కువగా చెప్పేది ఇదే. ఒకే పెట్టెలో రెండు కాపురాలు. ఒకదాంట్లో లాగిన్లు, రెండోదాంట్లో ట్యాలీ, ఫైళ్లు. ట్యాలీ సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే లాగిన్లు ఆగవు. రేపు ఒకదాన్ని మార్చినా రెండోది కదలదు. పెట్టె ఒకటే కాబట్టి డిస్కు పోతే రెండూ పోతాయి. బ్యాకప్ బయటి డిస్కులోకే తీయండి.

మెయిల్ మాత్రం మీ ఇంట్లో పెట్టుకోకండి. ఎక్స్ఛేంజ్ 2016, 2019 రెండిటికీ 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది. తర్వాతిది సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్. దాన్ని నడపడానికి మనిషి కావాలి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 300 మంది దాకా సరిపోతాయి. చాలా ప్లాన్లలో మెయిల్, ఆఫీస్, టీమ్స్ అన్నీ కలిపే. అదీ ప్యాకేజీయే, ఈసారి మన గదిలో లేదు, అద్దె కడుతున్నాం, అంతే తేడా. కాబట్టి పాత ప్రశ్నే వేయండి: రేపు మెయిల్ ఒక్కటి వేరేచోటికి మార్చుకోవాలంటే పాత ఉత్తరాలు ఎలా బయటికి వస్తాయి, ఎన్నాళ్లు పడుతుంది, ఎవరు తీస్తారు? కొటేషన్ ఇచ్చినాయన దగ్గర దీనికి కాగితం మీద జవాబు లేకపోతే, సంతకం పెట్టకండి.

సరే, ముందు వరసలో నీలం ఫైలు పట్టుకున్న ఆయన ఇందాకటి నుంచీ చెయ్యెత్తుతున్నారు. ఆ కొటేషన్ ఇలా ఇవ్వండి సార్, లైన్ లైన్ చదువుదాం. మొదటి లైన్‌లోనే 40 మంది ఉన్న ఆఫీసుకి ఎసెన్షియల్స్ అని రాశారే!