స్టార్ వార్స్ బొమ్మల అసలు మ్యాజిక్ సైజులో ఉంది

నమస్తే అండీ. పాత స్టార్ వార్స్ బొమ్మల మీద ఏ వీడియో పెట్టినా కింద ఒకటే కామెంటు, "సినిమా హిట్టయింది, బొమ్మలు అమ్ముడుపోయాయి, అందులో గొప్పేముంది" అని. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. సినిమా హిట్టయితే ఒక బొమ్మ కొంటారు, సరే. కానీ అప్పటి పిల్లలు ఇప్పుడు యాభై దాటి కూడా వాటి పేరెత్తితే చాలు గంటలు గంటలు మాట్లాడతారు చూడండి, దానికి కారణం సైజు. పావు తక్కువ నాలుగు అంగుళాలు.

మన బొమ్మల కొలువు తీసుకోండి. మెట్ల మీద దేవుళ్లుంటారు, దణ్ణం పెట్టి వచ్చేస్తాం. పిల్లలు చేరేది ఎక్కడ? కింద, మట్టి పోసి ఆవాలు మొలకెత్తించి పొలం చేసి, బావి, ఎడ్లబండి, కొట్టు పెట్టిన చోట. అక్కడ మజా రావాలంటే మనుషులంతా ఒకే కొలతలో ఉండాలి, కొట్టుకన్నా శెట్టిగారే పెద్దగా ఉంటే అది ఊరులా అనిపించదు కదా.

అమెరికాలో అంతకుముందు బాగా పేరున్న సైనికుడి బొమ్మ జీ.ఐ. జో 12 అంగుళాలు. అంటే మెట్ల మీద దేవుడన్నమాట. 1977లో స్టార్ వార్స్ వచ్చినప్పుడు సిన్సినాటిలోని కెన్నర్ అనే బొమ్మల కంపెనీ, దాని ప్రెసిడెంట్ బెర్నార్డ్ లూమిస్, చిన్న సైజుకి వెళ్లారు. ఎందుకంటే ఈ సినిమాలో సగం అందం అంతరిక్ష ఓడల్లోనే ఉంది. సినిమాలో ఓడ నడిపే హాన్ సోలో 12 అంగుళాలైతే వాడి ఓడ మిలీనియం ఫాల్కన్ పొడవు మూడు రెట్లు, వెడల్పు మూడు రెట్లు, ఎత్తు మూడు రెట్లు పెరగాలి, అంత ప్లాస్టిక్ పోసి చేస్తే కొనేదెవరు, ఏ మంచం కింద పడుతుంది అది? చిన్న బొమ్మలు అప్పటికే ఉన్నాయి, జపాన్‌లో టకారా వాళ్ల మైక్రోమాన్ 1974లోనే వచ్చింది, కాకపోతే ఆ సైజులో ఒక ఊరికి ఊరు కట్టింది మాత్రం కెన్నరే.

ఇక నాకు భలే ఇష్టమైన ముచ్చట. 1977 క్రిస్మస్‌కి బొమ్మలు తయారు కాలేదు, అచ్చులకే టైమ్ పట్టింది. అప్పుడు వాళ్లేం అమ్మారో తెలుసా, ఒక అట్ట ప్యాకెట్! అందులో ఒక సర్టిఫికెట్, 12 మంది పేర్లతో బొమ్మలు నిలబెట్టుకునే అట్ట స్టాండు. సర్టిఫికెట్ పోస్టులో పంపితే 1978లో సినిమాలోని ల్యూక్, లేయా, చ్యూబాకా, ఆర్2-డీ2 బొమ్మలు ఇంటికొస్తాయి. కొలువు మెట్లు ముందు, బొమ్మలు తర్వాత. పిల్లలు ఖాళీ మెట్లు చూసుకుంటూ ఆగారంటే చూడండి.

ఆ 1978లోనే డెత్ స్టార్, అంటే సినిమాలో విలన్ల అంతరిక్ష కోట, ప్లేసెట్‌గా, బొమ్మలు పెట్టి ఆడుకునే సెట్టుగా వచ్చింది. అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది, పైన ఫిరంగి, మధ్యలో లిఫ్టు, అడుగున చెత్త గది. ఆ గదిలో రంగురంగుల స్పాంజి ముక్కలు పోసి, అందులో ల్యూక్‌ని పడేసి, పక్కనున్న మర తిప్పుతుంటే గోడ మెల్లగా లోపలికి జరుగుతుంది, స్పాంజి మధ్యలోంచి ఒక పచ్చటి జంతువు తల బయటికొస్తుంది. ఇప్పుడు వేలంలో అట్టపెట్టెతో సహా ఉందా అని అడుగుతారు గానీ, నేనైతే ముందు ఆ స్పాంజి ముక్కలున్నాయా అని చూస్తా, ఆట అంతా అక్కడే ఉంది.

"మోకాళ్లు వంగవు, మొహాలు సినిమా నటులతో కలవవు" అంటారు. నిజమే, కదిలేవి మెడ, రెండు చేతులు, రెండు కాళ్లు, అంతే. అయినా కాక్‌పిట్‌లో కూర్చుంటాడు, లిఫ్టులో నిలబడతాడు, పక్కవాడికి సరిజోడుగా ఉంటాడు. కొలువులో శెట్టిగారికి మాత్రం మోకాళ్లు వంగుతాయా?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. సినిమాలో ముసుగేసుకుని తిరిగే పొట్టివాడు జావా, ఆ బొమ్మకి ముందు ప్లాస్టిక్ కేప్ ఉండేది, మరీ చవగ్గా కనిపిస్తోందని గుడ్డది వేశారు, ఇప్పుడు ఆ ప్లాస్టిక్‌దానికే బోలెడు రేటు, నకిలీలు కూడా ఎక్కువే, జాగ్రత్త. 1979లో బోబా ఫెట్ అనే విలన్ బొమ్మకి వీపు మీద ఎగిరే రాకెట్ అని ప్రకటించి, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందని భయపడి కదలకుండా చేసి పంపారు, మంచి పనే చేశారు. 1985లో కెన్నర్ ఈ లైన్ ఆపేసింది, 1995లో మళ్లీ మొదలైంది.

మనకీ ఈ సైజు వచ్చింది. జీ.ఐ. జోని 1982లో ఇదే కొలతకి దించారు, ఇండియాలో ఫన్‌స్కూల్ అనే బొమ్మల కంపెనీ అమ్మింది ఆ చిన్నవాటినే. మీ అటక మీద నడుము ఊడిపోయిన జో ఉంటే పారేయకండి, లోపల నల్ల రబ్బరు రింగు తెగింది అంతే. వీపు మీద స్క్రూ విప్పి, పాత రింగు ముక్క పట్టుకెళ్లి హార్డ్‌వేర్ షాపులో అదే సైజు ఓ-రింగ్ అడిగి తెచ్చి వేసి బిగించండి, మళ్లీ నిలబడతాడు.