అసలు సైబీరియా పిట్ట చెట్టు మీద లేదండీ, బురదలో ఉంది

చలికాలం మొదలైతే చాలు, ఒకే వార్త నాకు పదిమంది పంపిస్తారు. "శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి సైబీరియా అతిథులు వచ్చేశాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని మళ్లీ సైబీరియా వెళ్లిపోతాయి." పక్కనే చెట్టు మీద కూర్చున్న గూడబాతు (పెలికాన్) ఫోటో. గూడబాతుకీ సైబీరియాకీ ఏ చుట్టరికమూ లేదండీ! ఎర్రకాళ్ల కొంగకీ లేదు. అదే జిల్లాలో తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగకీ లేదు.

ఎలా తెలుస్తుందంటారా? మనింట్లో ఆడపిల్ల పురిటికి ఎక్కడికి వెళ్తుంది? పుట్టింటికి. పక్షికీ అంతే. గూడు కట్టి గుడ్డు పెట్టిన చోటే దాని పుట్టిల్లు. గూడబాతు శ్రీకాకుళం జిల్లాలో గూడు కట్టిందంటే దాని పుట్టిల్లు టెక్కలి పక్కనే. పిల్లలు ఎగిరాక ఇవి ఎక్కువగా మన దేశంలోనే నీళ్లున్న చెరువులు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి ఒకప్పుడు నిజంగానే సైబీరియా కొంగలు వచ్చేవి. 2002 తర్వాత అక్కడ కనబడలేదు. ఆ పేరే గాలికి కొట్టుకొచ్చి మన గూడబాతు మెడకి చుట్టుకుందని నా అనుమానం.

మరి సైబీరియా నుంచి వచ్చేవాళ్లే లేరా? ఉన్నారు. కాకపోతే వాళ్లని ఎవరూ ఫోటో తీయరు.

[స్క్రీన్ మీద: కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోట, సముద్రం వెనక్కి తీసిన వేళ, బురద మేట]

ఆ బురద మీద చిన్నచిన్న చుక్కలు పరిగెడుతున్నాయి చూడండి. ఉల్లంకి పిట్టలు. అందులో ముక్కు కొద్దిగా కిందికి వంగినది కర్ల్యూ శాండ్‌పైపర్. బరువు ఒక కోడిగుడ్డంత. కుట్టుమిషన్ సూదిలా ముక్కుతో బురదని టకటకా పొడుస్తోంది కదా, అది గుడ్డిగా పొడవడం కాదు. ముక్కు కొనలో స్పర్శ తెలిసే నరాలుంటాయి. బురద లోపల పురుగు ఎక్కడుందో తడిమి పట్టేస్తుంది.

దీని పుట్టిల్లు ఉత్తర సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం అంచున. కాకినాడ నుంచి తిన్నగా గీత గీసినా 6,000 కిలోమీటర్ల పైమాటే. మనది దానికి బతుకుతెరువు ఊరు. జనవరిలో వెళ్తే బూడిద రంగులో, వేసుకున్న చొక్కానే వేసుకుని తిరిగే బ్యాచిలర్‌లా ఉంటుంది. ఏప్రిల్‌లో వెళ్లండి. మెడ, రొమ్ము, పొట్ట కాల్చిన ఇటుక రంగు! పుట్టింటి ప్రయాణానికి పట్టుచీర కట్టినట్టు. ఆడా మగా ఇద్దరూ కడతారు, ఆ గొడవ మనకెందుకు.

పట్టుచీర సరే, సారె ఏది? కొవ్వు. ప్రయాణానికి ముందు కొన్ని వారాలు ఇవి తిండి మీద పడిపోతాయి. గ్రాము పిండిపదార్థం కన్నా గ్రాము కొవ్వు రెట్టింపు పైగా శక్తినిస్తుంది, కరిగేటప్పుడు నీళ్లూ ఇస్తుంది. మోసుకెళ్లడానికి ఇంతకన్నా మంచి చలిమిడి ముద్ద లేదు. (చలిమిడి పుట్టింటివాళ్లు పెట్టాలి కదా అని కామెంట్ పెట్టకండి. ఇక్కడ మన బురదే పెడుతోంది, ఆచారం తిరగబడింది, సర్దుకుపోండి.)

నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. మన తీరానికి వచ్చే వాటిలోనే గ్రేట్ నాట్ అని ఇంకాస్త పెద్ద పిట్ట ఉంది. దూరప్రయాణంలో దాని పేగులు, కాలేయం లాంటి లోపలి అవయవాలే చిక్కిపోతాయని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. దారిలో తిండి లేనప్పుడు వంటసామాను మోయడం దేనికి? దిగాక మళ్లీ పెంచుకుంటాయి. మనం రెండు రోజుల పెళ్లికి మూడు సూట్‌కేసులు సర్దుతాం.

వెళ్లాలని ఎవరు చెప్తారంటే, లోపల ఏడాది గడియారం ఒకటి నడుస్తుంటుంది, పగటి పొడవు మారడం దాన్ని సరిచేస్తుంది. చాలాసార్లు పొద్దుగూకే వేళ, గాలి అనుకూలిస్తే గుంపుగా అరుచుకుంటూ లేస్తాయి. దారికి సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంతం. ఒక్కోదానికి ఒక్కో వీడియో కావాలి, ఇప్పుడు టైం లేదు.

త్వరగా చెప్పేస్తాను. జూన్‌లో అక్కడ పొద్దు గుంకదు, మంచు కరిగి పురుగులే పురుగులు. అంత దూరం వెళ్లేది అందుకే. పుట్టిన పిల్లలు తమ తిండి తామే ఏరుకుంటాయి. మగపిట్ట మాత్రం గుడ్లు పొదగదు, పిల్లల్ని చూడదు, అందరికన్నా ముందు తిరుగుబండి ఎక్కేస్తుంది. తర్వాత తల్లి. పిల్లలు ఆఖరున, దారి చూపే పెద్దవాళ్లు ఒక్కరూ లేకుండా, పుట్టాక మొదటిసారి దక్షిణానికి వస్తాయి. మళ్లీ చెప్తున్నా, కోడిగుడ్డంత పిట్ట.

చూడాలంటే ఏప్రిల్ మొదటి సగంలో, సముద్రం వెనక్కి తీసే టైం కనుక్కుని, బైనాక్యులర్ పట్టుకుని వెళ్లండి. మే చివర్లో వెళ్లి "ఇంకా ఉన్నాయే, మీరు చెప్పింది అబద్ధం" అనకండి. బూడిద రంగులో అక్కడక్కడా మిగిలినవి కిందటేడు పుట్టినవి. పెళ్లే కాలేదు, పురిటికి ఎక్కడికెళ్తాయి?