చైనా ఇంటిపోరు కొరియా వాకిట్లోకి ఎలా వస్తోంది?

[తెరపై: దక్షిణ కొరియా, 2021 నవంబరు. బంకుల ముందు బారులు తీరిన లారీలు]

2021 నవంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వం తన వైమానిక దళ విమానాన్ని ఆస్ట్రేలియాకు పంపి 27 వేల లీటర్ల యూరియా ద్రావణాన్ని తెప్పించుకుంది. డీజిల్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఈ ద్రావణాన్ని మన బీఎస్‌-6 లారీల డ్రైవర్లు డీఈఎఫ్ అంటారు. అది నిండుకుంటే బండి నడవదు. పది లీటర్ల డబ్బా సుమారు పదివేల వోన్లకు దొరికే కొరియాలో, ఆ రోజుల్లో కొన్నిచోట్ల ధర పది రెట్ల దాకా ఎగబాకింది.

సియోల్ మీద బీజింగ్‌కు కోపం వచ్చి ఈ కొరత రాలేదు. ఆ ఏడాది శరత్కాలంలో చైనాను బొగ్గు కొరత వేధించింది. ఫ్యాక్టరీలకే కాక, ఈశాన్య రాష్ట్రాల్లో ఇళ్లకు కూడా కరెంటు కోతలు తప్పలేదు. చైనాలో యూరియాను ఎక్కువగా బొగ్గు నుంచే తయారు చేస్తారు కాబట్టి ఎరువుల ధరలూ భగ్గుమన్నాయి. సొంత రైతులకు ఎరువు అందకపోతే వచ్చే అసంతృప్తి ఎలాంటిదో కమ్యూనిస్టు పార్టీకి బాగా తెలుసు. అందుకే అక్టోబరు 15 నుంచి యూరియా ఎగుమతులకు ముందస్తు తనిఖీని తప్పనిసరి చేసి, సరుకు దేశం దాటకుండా కట్టడి చేసింది. గిట్టుబాటు కాక 2011లోనే యూరియా తయారీ మానేసిన కొరియా, పారిశ్రామిక యూరియా దిగుమతుల్లో 97 శాతానికి పైగా చైనా మీదే ఆధారపడి ఉండటంతో, ఆ దెబ్బ నేరుగా దాని లారీలకు తగిలింది.

[తెరపై: 1992 ఆగస్టు 24, బీజింగ్‌లో ఒప్పంద సంతకాలు]

నిజానికి ఈ రెండు దేశాల దౌత్య సంబంధం పుట్టడంలోనే చైనా ఇంటి అవసరం ఉంది. 1989లో తియానన్మెన్ కూడలిలో విద్యార్థుల నిరసన అణచివేత తర్వాత పాశ్చాత్య దేశాలు దూరం పెట్టగా, పార్టీలో సంస్కరణలను వ్యతిరేకించే వర్గం బలపడగా, చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ 1992 ఆరంభంలో దక్షిణాది నగరాల్లో పర్యటించి ఆర్థిక సంస్కరణలను మళ్లీ పట్టాలెక్కించారు. వాటికి పెట్టుబడి కావాలి, పరిజ్ఞానం కావాలి. పాత మిత్రుడైన ఉత్తర కొరియా నొచ్చుకుంటుందని తెలిసీ ఆ ఏడాది ఆగస్టులోనే చైనా సియోల్‌ను గుర్తించింది. బదులుగా సియోల్ తైవాన్‌తో సంబంధాలు తెంచుకోవడం బీజింగ్‌కు దక్కిన అదనపు లాభం.

[తెరపై: సోంగ్జు పట్టణ సమీపంలోని గోల్ఫ్ మైదానం]

ఇక అందరికీ గుర్తున్న గొడవ థాడ్. ఉత్తర కొరియా క్షిపణులను అడ్డుకునేందుకు అమెరికా తయారీ థాడ్ వ్యవస్థను నెలకొల్పుతామని 2016 జులైలో సియోల్ ప్రకటించగా, దాని రాడార్ తమ భూభాగంలోకీ చూడగలదని చైనా అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం పూర్తిగా సాకు అనలేము, సైనికంగా అందులో కొంత పస ఉంది. కానీ శిక్ష పడిన తీరు మాత్రం వేరు. ఆ వ్యవస్థ కోసం సోంగ్జు దగ్గరి తన గోల్ఫ్ మైదానాన్ని ఇచ్చిన కొరియా వ్యాపార సంస్థ లొట్టెకు చైనాలో ఉన్న సూపర్‌మార్కెట్లలో అత్యధికం, అగ్నిమాపక నిబంధనలు పాటించలేదన్న కారణంతో కొద్ది వారాల్లోనే మూతపడ్డాయి. 2016లో 80 లక్షలు దాటిన చైనా పర్యాటకుల సంఖ్య 2017లో దాదాపు సగానికి పడిపోయింది. హ్యుందాయ్, కియా కార్ల అమ్మకాలూ ఆ ఏడాది చైనాలో మూడో వంతుకు పైగా తగ్గాయి. పెనుకొండ ప్లాంటు కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కియా ఒప్పందం కుదుర్చుకున్నదీ అదే 2017 ఏప్రిల్‌లోనే. దానికి కారణం ఈ గొడవే అనలేం గాని, చైనా అమ్మకాలు అలా జారిపోతుంటే కంపెనీకి భారత మార్కెట్ విలువ పెరగకుండా ఉంటుందా?

ఇక్కడ తేదీలు గమనించాలి. జిన్‌పింగ్ పట్టును మరింత బిగించిన 19వ పార్టీ మహాసభ 2017 అక్టోబరు 24న ముగిసింది. రాజీ కుదిరినట్లు రెండు దేశాలూ ప్రకటించింది అక్టోబరు 31న. అప్పటికి సియోల్‌లో మూన్ జే-ఇన్ అధ్యక్షుడై నెలలు గడిచాయి, రాడార్ సోంగ్జులోనే ఉంది. మహాసభ ముందు విదేశానికి తలొగ్గినట్టు కనబడటం ఏ చైనా నాయకుడికీ ఇష్టం ఉండదు. అది గడిచాక పట్టు సడలించడం సులువైందని నా అంచనా.

చరిత్ర వివాదాలదీ ఇదే దారి. సరిహద్దు ప్రాంతాల జాతుల ఐక్యత మీద ఉన్న బెంగతోనే చైనా 2002లో ఈశాన్య చరిత్ర పరిశోధన ప్రాజెక్టు మొదలుపెట్టింది. కొరియన్లు తమదిగా భావించే ప్రాచీన గోగుర్యో రాజ్యాన్ని చైనా చరిత్రలో కలిపేసుకునే ఆ ప్రయత్నం కొరియన్లను మండించింది.

[తెరపై: చైనాలో సగం కట్టి వదిలేసిన అపార్టుమెంట్లు]

ఇప్పటి బెంగ వేరు. ఇళ్ల మార్కెట్ కుప్పకూలింది. యువతలో నిరుద్యోగం 2023 జూన్‌లో 21.3 శాతానికి చేరాక ప్రభుత్వం కొన్ని నెలలు ఆ లెక్కలు ప్రకటించడమే ఆపేసింది. బయటి డబ్బు, పర్యాటకులు అవసరమైన వేళ, 2024 నవంబరు 8 నుంచి కొరియన్లకు వీసా లేకుండానే రానిచ్చింది. మరుసటి ఏడాది జిన్‌పింగ్ 11 ఏళ్ల తర్వాత కొరియా గడ్డ మీద అడుగుపెట్టారు.

అయితే అదే మాంద్యం వల్ల చైనాలో అమ్ముడుపోని ఉక్కు చౌకగా కొరియాలో వచ్చిపడుతోంది. 1992 తర్వాత తొలిసారిగా 2023లో చైనాతో వాణిజ్యంలో కొరియాకు లోటు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో చైనా ఉక్కు పలకలపై 38 శాతం దాకా తాత్కాలిక సుంకం వేయాలని కొరియా వాణిజ్య కమిషన్ నిర్ణయించింది.