చిన్న స్టూడియోకి 500 సిరీస్: ముందు ఏం కొనాలి, తర్వాత ఏం కొనాలి

(తెర మీద: గది. బల్ల మీద చిన్న ఇనుప పెట్టె, అందులో రెండు మాడ్యూల్స్. మిగతా స్లాట్లు ఖాళీ.)

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఇది మా స్టూడియో. పది అడుగులకు పన్నెండు అడుగుల గది. పెళ్లి పాటలు, అమ్మవారి సంబరాల పాటలు, జముకుల కథలు, ఒడియా భజనలు అన్నీ ఇక్కడే రికార్డ్ చేస్తాం. పొద్దున్న తెలుగు పాట పాడిన గొంతే సాయంత్రం ఒడియా పాట పాడిన రోజులు చాలా ఉన్నాయి.

మన చుట్టుపక్కల గుణుపురం, రాయగడ, బరంపురంలో కొత్తగా స్టూడియో పెట్టుకున్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, 500 సిరీస్‌లో ఏ ప్రీఆంప్ తీసుకోమంటావు? కంప్రెసర్ ఏది?" నేను ముందు ఈ మాడ్యూల్స్ గుచ్చుకునే పెట్టె గురించి, ఆ పెట్టెకు వెళ్లే కరెంటు గురించి మాట్లాడతాను. తర్వాత ఒక మంచి ప్రీఆంప్. కంప్రెసర్ అన్నిటికంటే చివర. ఈ వరస ఎందుకో చెప్పడానికే ఈ వీడియో.

(తెర మీద: ఒక మాడ్యూల్‌ని చేతిలో పట్టుకుని చూపించాలి. వెనక బంగారు రంగు పళ్లు దగ్గరగా కనిపించాలి.)

500 సిరీస్ అన్నది మాడ్యూల్స్‌కి, అంటే పెట్టెలో గుచ్చుకునే చిన్న సౌండ్ పరికరాలకి, ఒక కొలత. అమెరికాలో ఏపీఐ అనే కంపెనీ తన పెద్ద మిక్సింగ్ కన్సోళ్ల కోసం చేసిన మాడ్యూల్స్ నుంచి ఇది వచ్చింది. వాటిని కన్సోల్ లోంచి తీసి ఒక చిన్న పెట్టెలో పెట్టుకుని ఊరూరా మోసుకెళ్లడం మొదలుపెట్టారు. చేత్తో పట్టుకునే పిడి ఉండటంతో ఆ పెట్టెకు లంచ్‌బాక్స్ అన్న పేరు వచ్చింది. మాడ్యూల్ వెడల్పు ఒకటిన్నర అంగుళం, ఎత్తు ఐదుంపావు అంగుళాలు. వెనక 15 పళ్ల కనెక్టర్. ఏ కంపెనీ మాడ్యూల్ అయినా ఏ కంపెనీ పెట్టెలోనైనా కూర్చుంటుంది. మనలాంటి చిన్న గదులకు దీనిలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. ఈ ఏడాది ఒకటి, మళ్లీ ఏడాది ఒకటి కొనుక్కోవచ్చు.

మాడ్యూల్‌కి సొంత పవర్ సప్లై ఉండదు. ఆ పెట్టె మాడ్యూల్‌కి ప్లస్ 16, మైనస్ 16 వోల్టులు ఇస్తుంది. కండెన్సర్ మైక్‌కి కావలసిన 48 వోల్టులు కూడా పెట్టె నుంచే వస్తాయి. ఒక్కో స్లాట్ ఎంత కరెంటు లాగవచ్చో కూడా ఏపీఐ వాళ్ల కూటమి నియమం పెట్టింది, 130 మిల్లీఆంపియర్లు అని. అందరూ ఆ నియమం పాటించరు. ట్యూబ్ ఉన్న మాడ్యూల్స్ కొన్ని అంతకంటే ఎక్కువ లాగుతాయి. అందుకే పెట్టె కొనేటప్పుడు ఎన్ని స్లాట్లు అని అడిగి ఊరుకోకండి, మొత్తం ఎన్ని మిల్లీఆంపియర్లు ఇస్తుందో అడగండి. మీరు పెట్టదలచిన మాడ్యూల్స్ లాగేది కాగితం మీద కూడి చూడండి. పెట్టె ఇచ్చేదానికంటే బాగా తక్కువగా ఉండాలి.

(తెర మీద: గోడ మీది ప్లగ్ పాయింట్, పక్కన మల్టీమీటర్.)

ఇంతకంటే ముందు మీ గోడలో ఉన్న ప్లగ్ చూడాలి. చాలా ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్ ఉంటుంది కానీ మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత తవ్వించండి. మా గదిలో హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని నేను ఆరు నెలలు కేబుళ్లు మార్చాను. ఎర్త్ సరిచేశాక ఒక్క పూటలో పోయింది. ఇన్వర్టర్ ఉంటే ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదకి మారగానే రికార్డింగ్‌లో గీమనే సన్నటి మోత వినిపిస్తుంది, మంచి టేక్ దానితోనే పోతుంది.

గోపాలపురం, బరంపురం వైపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. సముద్రపు గాలికి మాడ్యూల్ వెనకున్న పళ్లు మసకబారతాయి. ఖాళీ స్లాట్లకు మూతలు బిగించండి. మాడ్యూల్ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు పవర్ ఆపండి. ఇది ప్రతిసారీ.

ఇక ప్రీఆంప్. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని రికార్డ్ చేయగలిగేంత పెద్దది చేయడం దీని పని. అయితే అసలు మీకు వేరే ప్రీఆంప్ కావాలా? ఇప్పుడు వస్తున్న, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో ఉండే ప్రీఆంప్‌లు మంచివే. కండెన్సర్ మైక్ పెట్టి పాట రికార్డ్ చేస్తే మీరు వినే సొద ఎక్కువగా ఫ్యానుది, వీధిది, పైకప్పు రేకుల మీద పడే వానది. ప్రీఆంప్ సొద వాటికింద ఎక్కడో ఉంటుంది. అలాంటి గదిలో ఖరీదైన ప్రీఆంప్ పెట్టే డబ్బుతో తలుపుకి రబ్బరు పట్టీ వేయించి, గోడలకు మందంగా రాక్‌వూల్ పలకలు కట్టిస్తే తేడా అందరికీ తెలుస్తుంది. నేను మనస్ఫూర్తిగా చెబుతున్న సలహా ఇది.

వేరే ప్రీఆంప్ నిజంగా అవసరమయ్యేది రెండు సందర్భాల్లో. మొదటిది డైనమిక్ మైక్, అంటే ఆ 48 వోల్టులు అక్కర్లేని రకం. ష్యూర్ ఎస్ఎం7బి లాంటి మైక్ ఇచ్చే సిగ్నల్ మామూలు కండెన్సర్ ఇచ్చేదానిలో పదో వంతుకంటే తక్కువ. దానికి కనీసం 60 డెసిబెళ్ల గెయిన్, అంటే అంత పెంపు, కావాలి. మెల్లగా పాడే గొంతుకి అంతకంటే ఎక్కువ. చౌక ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ చివరిదాకా తిప్పితే బుస్సుమనే సొద మొదలవుతుంది. ఏపీఐ 512సి లాంటి మాడ్యూల్ 65 డెసిబెళ్లు ఇస్తుంది, శుభ్రంగా ఇస్తుంది.

రెండోది రంగు. అంటే గొంతుకి కొంచెం బరువు, కొంచెం గరుకు రావడం. అది ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. ఇనుప కోర్ మీద తీగ చుట్టిన చిన్న దిమ్మ అది. సిగ్నల్ గట్టిగా తగిలినప్పుడు, ముఖ్యంగా కింది స్వరాల దగ్గర, కొంచెం నిండిపోయి హార్మోనిక్స్ (అసలు స్వరం మీద తేలే పై స్వరాలు) కలుపుతుంది. 1970లో వచ్చిన నీవ్ కంపెనీ 1073 ప్రీఆంప్‌కి అంత పేరు రావడానికి దాని ట్రాన్స్‌ఫార్మర్లు ఒక పెద్ద కారణం. 500 సిరీస్‌లో దాని రూపం 1073ఎల్‌బి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేవీ ఉన్నాయి, గ్రేస్ డిజైన్ ఎం501 లాంటివి.

(తెర మీద: జముకు దగ్గరగా. తీగను మీటే వేళ్లు.)

ఏది మీకు? మీ గదిలోకి ఎవరు వస్తారో చూసి తేల్చుకోండి. జముకు చూడండి. చర్మం బిగించిన గుండ్రటి పాత్ర, లోపలినుంచి తీగ. మీటిన ప్రతిసారీ గుమ్‌మని కింది స్వరం ఊగుతుంది. దీనికి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రీఆంప్ బాగా నప్పుతుంది, ఆ గుమ్ముకి ఒళ్లు వస్తుంది. డప్పుకీ అంతే. వయొలిన్, వేణువు, సన్నటి ఆడగొంతు ఎక్కువగా రికార్డ్ చేసేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ లేనిది తీసుకోండి. రెండూ వచ్చే గది అయితే, నా ఓటు ఔట్‌పుట్ వాల్యూమ్ విడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్రీఆంప్‌కి. గెయిన్ తగ్గిస్తే శుభ్రంగా, గెయిన్ పెంచి ఔట్‌పుట్ తగ్గిస్తే రంగుగా పనిచేస్తుంది. కొనేముందు ఆ రెండో నాబ్ ఉందో లేదో చూడండి.

కలిపేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. మాడ్యూల్ నుంచి వచ్చిన కేబుల్‌ని ఇంటర్‌ఫేస్ మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. అప్పుడు ప్రీఆంప్ మీద ఇంకో ప్రీఆంప్ పనిచేస్తుంది. కొత్తదాని స్వభావం ఏమీ వినిపించదు. వెనక ఉన్న లైన్ ఇన్‌పుట్‌లోకే వెళ్లాలి. కొన్ని పెట్టెల్లో ఇంటర్‌ఫేస్ కూడా కలిసే ఉంటుంది, క్రాన్‌బోర్న్ ఆడియో 500ఆర్8 లాంటివి. ఎనిమిది స్లాట్లు, యూఎస్‌బీతో నేరుగా కంప్యూటర్‌కి. ఇంకా ఇంటర్‌ఫేస్ కొననివాళ్లు అలాంటివి కూడా చూడండి.

ఇప్పుడు కంప్రెసర్. పాడేవాళ్లు గట్టిగా పలికినప్పుడు తగ్గించి, గొంతును ఒక మట్టంలో ఉంచే పని దీనిది. నిష్పత్తి 4కి 1 అని పెడితే, మీరు గీసిన గీత, అంటే పెట్టిన హద్దు, దాటి 8 డెసిబెళ్లు పైకి వెళ్లిన గొంతు 2 డెసిబెళ్లే దాటుతుంది. ఎంత త్వరగా పట్టుకోవాలి అన్నది అటాక్, ఎంత త్వరగా వదలాలి అన్నది రిలీజ్.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక జముకుల కథ బృందం వచ్చింది. నాకు కంప్రెసర్ కొత్త. మీటర్‌లో ముల్లు పది పన్నెండు డెసిబెళ్లు వాలుతుంటే బాగుందనుకున్నాను. రిలీజ్ బాగా వేగంగా పెట్టాను. జముకు గుమ్మన్న ప్రతిసారీ గురువుగారి గొంతు మునిగి, వెంటనే పైకి తేలింది. రాత్రంతా అలాగే రికార్డ్ చేశాను. వారం తర్వాత పాట విని ఆయన ఫోన్ చేశారు. "బాబూ, నా గొంతుకేటి అలా మునిగి తేలతంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. గొంతు, జముకు ఒకే మైక్‌లో ఉన్నాయి. కంప్రెసర్ లోంచి వెళ్లి రికార్డ్ అయినదాన్ని వెనక్కి తీసుకోలేం. కంప్యూటర్‌లో వాడే ప్లగిన్ అయితే తీసేయవచ్చు, ఇది అలా కాదు.

అందుకే రికార్డింగ్‌లో రెండు మూడు డెసిబెళ్లకు మించి పట్టనివ్వకండి. మిగతాది మిక్సింగ్‌లో చూసుకోవచ్చు. కథ చెప్పే గొంతుకి ఆప్టో రకం బాగుంటుంది. అందులో ఒక చిన్న దీపం, దాని వెలుగుకి స్పందించే రెసిస్టర్ ఉంటాయి. మెల్లగా పట్టి, మెల్లగా వదులుతుంది. పాత ఎల్ఏ-2ఏ కంప్రెసర్ ఆ రకమే. ఎఫ్ఈటీ రకం, అంటే ఒక రకం ట్రాన్సిస్టర్‌తో పనిచేసేది, చాలా వేగం. 1967లో వచ్చిన 1176 కంప్రెసర్ సెకనులో యాభై వేలవ వంతులోనే స్పందించగలదు. దాని కనీస అటాక్ 20 మైక్రోసెకన్లు. డప్పు మీద ఆ వేగం అందంగా ఉంటుంది, మెల్లటి జోలపాట మీద కష్టం. వీసీఏ రకం (వోల్టేజీతో మట్టం మార్చేది) అటాక్, రిలీజ్, నిష్పత్తి అన్నీ చేతికిస్తుంది, నేర్చుకోవడానికి మంచిది. ఒక్కటే కొనగలిగితే, గొంతులే ఎక్కువైతే, ఆప్టో తీసుకోండి.

కొనే ముందు రిపేరు గురించి కూడా అడగండి. మాకు ఏదైనా పాడైతే గుణుపురం నుంచి విశాఖ వెళ్లే రైలెక్కాలి. మాడ్యూల్ చిన్నది కాబట్టి సంచిలో పట్టుకెళ్లవచ్చు, మిగతా పెట్టె ఇక్కడ పని చేస్తూనే ఉంటుంది. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కూడా ధరలో కలిపి చూసుకోండి.

(తెర మీద: పెట్టె. ప్రీఆంప్ దీపం వెలుగుతోంది, కంప్రెసర్ ముల్లు రెండు డెసిబెళ్ల దగ్గర కదులుతోంది.)

ఆ గురువుగారిని మళ్లీ పిలిచాను. దారి ఖర్చులు, భోజనం నావే. అదే గది, అదే మైక్. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రీఆంప్, దాని తర్వాత ఆప్టో. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు పాత టేక్ వినిపిస్తాను, వెంటనే కొత్తది. జముకు మోగినప్పుడు గొంతు ఏమవుతుందో గమనించండి.

(శబ్దం: పాత టేక్ 20 సెకన్లు. తర్వాత కొత్త టేక్, చివరిదాకా.)