తోడేళ్లను చంపితే ఎల్క్ పెరుగుతాయా? స్టూడియో చర్చ, మాటకు మాట

(2025 ఆగస్టులో అమెరికాలోని మోంటానా రాష్ట్రం ఆ సీజన్‌కు 458 తోడేళ్లను చంపడానికి కోటా ఖరారు చేసింది. రాష్ట్రంలో ఉన్నవే దాదాపు 1,100. ఆ నిర్ణయం మీద అక్కడి తెలుగువాళ్ల మధ్య జరిగిన చర్చ ఇది. ముగ్గురు అతిథులు: ఐడహోలో స్థిరపడి ఏటా ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మోంటానాలో వన్యప్రాణుల మీద పనిచేస్తున్న పరిశోధకురాలు, కొడుకు దగ్గరికి వచ్చిన కర్నూలు వైపు రిటైర్డ్ పశువైద్యుడు. ఒకరి మాట మీద ఒకరు పడ్డ చోట్లు దిద్దకుండా ఉంచాను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.)

మోడరేటర్: అందరికీ నమస్కారం. రెండు పక్షాలకూ సమానంగా సమయం ఇస్తాం. మొదట మన వేటగాడు అన్నగారిని సూటిగా అడుగుతాను. లైసెన్సు డబ్బు కట్టేది మీరు. అడవిలో జంతువే లేకపోతే ఆ డబ్బు ఎందుకు కట్టాలి?

వేటగాడు: మంచి ప్రశ్న వేశారు. నేను పద్నాలుగేళ్లుగా ఐడహోలో ఉంటున్నాను. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్దది, మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ఒక్కటి దొరికితే ఏడాది పొడుగునా మా ఇంట్లో కూర అదే. కొమ్ముల కోసం వేటాడేవాణ్ని కాదు. మా దగ్గర లోలో అనే కొండ ప్రాంతం ఉంది. 1989లో అక్కడ దాదాపు 16,000 ఎల్క్ ఉండేవి. 2010 నాటికి 2,100. సెప్టెంబరులో మగ ఎల్క్ కూత పెడుతుంది, పెద్ద ఈల వేసినట్టు, లోయంతా మోగుతుంది. మొన్న సెప్టెంబరులో ఆరు రోజులు నడిచాను. ఒక్క కూత వినబడలేదు. వాగు ఒడ్డున బురదలో మాత్రం నా అరచెయ్యంత తోడేలు అడుగులు కనబడ్డాయి.

మోడరేటర్: అంటే తోడేళ్లే తినేశాయి.

వేటగాడు: ఇంకెవరు తింటారు? ఒక్కో తోడేలు ఏడాదికి పదిహేను, ఇరవై ఎల్క్‌ను పడేస్తుంది. లెక్క వేసుకోండి.

పరిశోధకురాలు: నేనొక మాట చెప్పాలి. సంఖ్యలు నిజమే, నేను కాదనను. కానీ ఐడహోకు తోడేళ్లను తెచ్చింది 1995, 96లలో, మొత్తం 35. లోలోలో ఎల్క్ తగ్గడం అంతకుముందే మొదలైంది. అసలు అక్కడ అన్ని ఎల్క్ ఎందుకు ఉండేవో చెప్పాలంటే 1910కి వెళ్లాలి. ఆ వేసవిలో ఐడహో, మోంటానాల్లో 30 లక్షల ఎకరాల అడవి కాలిపోయింది. కాలిన చోట పొదలు లేచాయి. ఎల్క్‌కు కావలసింది ఆ పొదల మేతే. తర్వాత చెట్లు మళ్లీ పెరిగి నీడ కమ్మేసింది, మేత పోయింది. దాని మీద 1996-97 చలికాలం విపరీతమైన మంచు...

వేటగాడు: మేడమ్, మేడమ్, మంచు ప్రతి ఏడాదీ పడుతుంది!

పరిశోధకురాలు: ఆ ఏడాది పడినంత పడదు.

వేటగాడు: మంచులో ఇరుక్కున్న ఎల్క్‌ను ఎవరు తింటున్నారు? అది చెప్పండి. 2014లో మా రాష్ట్రమే హెలికాప్టర్లు పంపి లోలోలో 23 తోడేళ్లను కాల్చింది. ప్రభుత్వానికి తెలియదా?

పరిశోధకురాలు: సరే, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆరు రోజులు నడిచానన్నారు కదా, ఆ అడవి ఎలా ఉంది?

వేటగాడు: ఎలా ఉంటుంది? దట్టంగా ఉంది. పది అడుగుల దూరంలో మనవాడు నడుస్తుంటే కనబడడు.

పరిశోధకురాలు: నేను చెప్తున్నది అదేనండి. కింద వెలుతురు పడకపోతే మేత ఎలా...

మోడరేటర్: క్షమించాలి, అసలు విషయం పక్కకు పోతోంది. డబ్బు సంగతి. అడవి శాఖకు డబ్బు ఎవరు కడుతున్నారు?

(చర్చ మొత్తంలో విలువైన మాట నాకు ఆ దట్టమైన అడవి సంగతే అనిపించింది. వేటగాడు తన కళ్లతో చూసిందే ఆమె వాదనకు సాక్ష్యం. ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఆగనిచ్చి ఉండాల్సింది.)

వేటగాడు: మేమే కడుతున్నాం. 1937 నుంచి చట్టం ఉంది. మేం కొనే రైఫిల్ మీద, తూటాల మీద 11 శాతం పన్ను. అది నేరుగా వన్యప్రాణుల సంరక్షణకు పోతుంది. దానికి తోడు లైసెన్సు, ట్యాగు, అంటే ఒక్కో జంతువును వేటాడటానికి ఇచ్చే అనుమతి చీటీ. బయటి రాష్ట్రంవాడు మోంటానాలో ఎల్క్ వేటకు వెయ్యి డాలర్ల పైనే కడతాడు. తోడేళ్లను ప్రేమించేవాళ్లు ఎంత కడుతున్నారు? ఫేస్‌బుక్‌లో ఒక లైకు!

మోడరేటర్: చూశారా, నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే.

పరిశోధకురాలు: తుపాకీ కొన్న ప్రతివాడూ వేటగాడు కాదు కదండీ. ఆత్మరక్షణకు కొనేవాళ్లు, గురి నేర్చుకోవడానికి కొనేవాళ్లు కూడా ఆ పన్ను కడుతున్నారు. పైగా ఎల్క్ మేసే కొండల్లో చాలా భాగం జాతీయ అడవులు, మనందరి ఆదాయపు పన్నుతో నడిచేవి. డబ్బు కట్టినవాడిదే అడవి అంటే...

వేటగాడు: అడవి నాది అని నేను అనలేదు. మాటలు తిప్పకండి.

పశువైద్యుడు: నాకొక అవకాశం ఇస్తారా బాబూ?

మోడరేటర్: చెప్పండి డాక్టరు గారూ, క్లుప్తంగా.

పశువైద్యుడు: మా వైపు రోళ్లపాడు దగ్గర మైదానాల్లో తోడేళ్లున్నాయి. కృష్ణజింకలూ ఉన్నాయి. గొర్రెలకు మందు పట్టడానికి మందల దగ్గరికి వెళ్లేవాణ్ని. ఒకసారి తెల్లారుజామున గొర్రెపిల్లను తోడేలు ఎత్తుకుపోయింది. ముసలి కాపరి కర్ర పట్టుకుని కాసేపు తిట్టాడు. తర్వాత మిగిలిన పిల్లల్ని లెక్కపెట్టుకుని, కుక్క మెడకున్న మేకుల పట్టీ బిగించి, మందను పొద్దెక్కే వైపుకు తోలాడు. ఆయన నష్టం నిజం. పరిహారం అందాలి కూడా. కానీ ఆయన గొర్రెలు ఆయనవి. అడవిలో ఎల్క్‌ను ఎవరు పెంచారు తమ్ముడూ? దాన్ని తోడేలు తింటే నీకు నష్టం అని ఎలా అంటావు?

వేటగాడు: డాక్టరు గారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ మన దేశంలో వేట నిషేధం. 1972 వన్యప్రాణి చట్టంలో తోడేలు అత్యధిక రక్షణ ఉండే ఒకటో షెడ్యూల్లో ఉంది. ఇక్కడ పద్ధతి వేరు. ఇక్కడ ఎల్క్ సంఖ్యకు ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంటుంది, దాన్నిబట్టి ట్యాగులు ఇస్తుంది.

మోడరేటర్: మన దేశం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 2024లో ఉత్తరప్రదేశ్‌లో బహరాయిచ్ దగ్గర తోడేళ్లు పిల్లల్ని చంపాయి కదా? అప్పుడేమంటారు?

పరిశోధకురాలు: అది మనుషుల ప్రాణాల విషయం. ఆ తోడేళ్లను పట్టుకోవాలి, పట్టుకున్నారు. దీనికీ వేటగాళ్లకు ఎల్క్ పెంచడానికీ సంబంధమే లేదు.

వేటగాడు: సంబంధం ఎందుకు లేదు? తోడేలు తోడేలే!

(ఇక్కడ దాదాపు పది నిమిషాలు బహరాయిచ్ గురించే నడిచింది. ఆ పిల్లల తల్లిదండ్రుల దుఃఖాన్ని ఇలా వాదనలో రాయిలా విసరడం నాకు నచ్చలేదు. ఆ భాగం వదిలేశాను.)

మోడరేటర్: ఎల్లోస్టోన్ జాతీయ పార్కు సంగతి చెప్పండి.

వేటగాడు: అదే చెప్పబోతున్నా. 1995లో 14, 96లో 17 తోడేళ్లను కెనడా నుంచి తెచ్చి వదిలారు. అప్పట్లో పార్కు ఉత్తరపు మందలో 19,000 దాకా ఎల్క్. 2013కల్లా 4,000 కూడా లేవు. ఇంతకంటే రుజువేం కావాలి?

పరిశోధకురాలు: తోడేళ్ల పాత్ర లేదని నేను అనడం లేదు. కానీ అవే ఏళ్లలో గ్రిజ్లీ ఎలుగులు పెరిగాయి, కరువు వచ్చింది, పార్కు దాటి బయటికొచ్చిన ఆడ ఎల్క్‌ను మనుషులే వందల్లో వేటాడారు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు. మోంటానా మొత్తం తీసుకోండి, తోడేళ్లు వచ్చాక ఎల్క్ తగ్గలేదు, పెరిగాయి. చాలా జిల్లాల్లో ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం కంటే ఎక్కువున్నాయి.

వేటగాడు: ఎక్కడున్నాయి? కోటీశ్వరుల ప్రైవేటు పశువుల రాంచుల్లో ఉన్నాయి! గేటుకు తాళం. నేను వెళ్లగలనా?

పరిశోధకురాలు: మరి అది తాళం సమస్య కదండీ! తోడేలును చంపితే ఆ గేటు తెరుచుకుంటుందా?

వేటగాడు: మేడమ్, మీరు ఆఫీసులో కూర్చుని లెక్కలు వేస్తారు...

పరిశోధకురాలు: ఆఫీసులోనా? చలికాలంలో మేం మంచులో నడిచి, తోడేళ్లు చంపిన ఎల్క్ దగ్గరికి వెళ్తాం. తొడ ఎముక విరగ్గొట్టి మూలుగ చూస్తాం. బలమైన జంతువు మూలుగ తెల్లగా, గట్టిగా వెన్నలా ఉంటుంది. తిండి లేక చిక్కిపోయినదాని మూలుగ ఎర్రగా, జెల్లీలా జారుతుంది. నా చేతి తొడుగు మీద జారిన మూలుగలు ఎన్నో...

మోడరేటర్: అబ్బా, మేడమ్, భోజనాల టైము!

వేటగాడు: తోడేలు ఏమైనా మూలుగ చూసి చంపుతుందా?

పరిశోధకురాలు: పూర్తి చెయ్యనివ్వండి. దేన్ని చంపుతున్నాయన్నదే అసలు ప్రశ్న. ఆ వసంతం దాకా బతకలేని ఎల్క్‌ను తింటే, మీ ట్యాగుకు తగ్గేదేమీ ఉండదు.

మోడరేటర్: కానీ ట్యాగుకు డబ్బు కట్టింది వారే కదా?

పశువైద్యుడు: బాబూ, నాలుగోసారి డబ్బే అంటున్నారు.

మోడరేటర్: ప్రేక్షకులు అడుగుతున్నారండీ.

పశువైద్యుడు: ఉచ్చుల సంగతి ఎవరూ అడగరేం? ఐడహోలో 2021 చట్టం తోడేళ్ల మీద ఎన్ని ట్యాగులైనా తీసుకోనిచ్చింది, ప్రైవేటు భూముల్లో ఏడాదంతా ఉచ్చులు పెట్టుకోనిచ్చింది. పిల్లలు పెట్టే కాలంలో కూడా. తల్లి ఉచ్చులో పడితే బొరియలో పిల్లలు ఏమవుతాయి? పశువులకు వైద్యం చేసినవాణ్ని, ఆ కాలు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వేటగాడు: నేను ఉచ్చులు పెట్టను. నేను తుపాకీ...

పశువైద్యుడు: నువ్వు పెట్టకపోవచ్చు నాయనా. చట్టం పెట్టనిచ్చింది.

పరిశోధకురాలు: 2021-22 చలికాలంలో ఎల్లోస్టోన్ తోడేళ్లు పార్కు గీత దాటినందుకు 25 చనిపోయాయి. విస్కాన్సిన్‌లో 2021 ఫిబ్రవరిలో వేటగాళ్ల వాటా 119 అయితే మూడు రోజుల్లోపే 218 చంపారు. అక్కడి ఒజిబ్వే ఆదివాసులు తమ వాటాను వేటాడకుండా వదిలేశారు, తోడేలు వాళ్లకు తోబుట్టువు కాబట్టి. ఆ మిగిలిన వాటాలోంచి కూడా...

వేటగాడు: విస్కాన్సిన్‌కు ఎందుకు వెళ్తున్నారు? ఐడహో గురించి మాట్లాడండి! నా కొడుక్కి పన్నెండేళ్లు. వాడికి ఒక్క ఎల్క్ కూత వినిపించాలని తీసుకెళ్లాను. ఏం వినిపించను? ఐడహోలో పన్ను కట్టేది నేను, మంచులో నడిచేది నేను, అడవిని నాకంటే ఎక్కువ ప్రేమించేవాళ్లు ఎవరున్నారు? చెప్పండి!

(స్టూడియోలో చప్పట్లు. ఈ ఆవేదన నిజమైనదే, గొంతు వణికింది. చప్పట్ల తర్వాత మాట ఇక ఆయన చేతిలోనే ఉండిపోయింది.)

మోడరేటర్: చాలా బాగా చెప్పారు. సమయం అయిపోయింది. ముగింపుగా ఒక్క నిమిషం, అన్నగారూ.

వేటగాడు: ఒక్కటే చెప్తాను. తోడేళ్లు ఉండొద్దని నేను అనడం లేదు. సంఖ్య అదుపులో ఉండాలి. మోంటానా 458 అంది, నా లెక్కలో అది తక్కువే. లోలోలో మళ్లీ హెలికాప్టర్లు ఎగరాలి. దీనికి డబ్బు కావాలంటే ఇంకో ఇరవై డాలర్లు లైసెన్సు మీద వేయండి, నేను కడతాను...

(ఇలా నాలుగు నిమిషాలు.)

పరిశోధకురాలు: నాకు కూడా ఒక్క నిమిషం అన్నారు. ఆ దట్టమైన అడవిలో కొంత భాగాన్ని అదుపులో కాల్చి పొదలు రానిస్తే, వారి అబ్బాయికి కూత వినబడే...

మోడరేటర్: క్షమించాలి మేడమ్, ప్రకటనలకు వెళ్లాలి. వచ్చే వారం వీసాల మీద చర్చ. నమస్కారం.